నవ్వుల మేకు

కుట్టుకొట్టు గోడకి ఒక మేకు ఉంది. దాన్ని కొట్టింది కొట్టు నడిపే టైలర్ మాస్టారే. కొట్టులో ఎవరు తెలివితక్కువ పని చేసినా ఆ చెడిపోయిన ముక్క వారం రోజులు దానికి వేలాడాలి, వచ్చేపోయేవాళ్లంతా చూసి నవ్వాలి. నవ్వితే తప్పు గుర్తుంటుందని, గుర్తుంటే మళ్లీ జరగదని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం బాగానే ఉంది గానీ, పన్నెండేళ్లలో మాస్టారి పేరు మీద ఒక్క ముక్కా దానికి ఎక్కలేదు. ఎక్కినవన్నీ ఆయన చెల్లెలి పేరు మీదే. కొట్టులో ఉండేదే ఇద్దరు మరి.

ఆవిడ తప్పులు కూడా నవ్వొచ్చేలాగే ఉండేవి. ఒకసారి జేబు మూతి కుట్టేసింది. ఇంకోసారి పరదా అంచుతో పాటు తన జాకెట్టు చేతిని కూడా కలిపి కుట్టేసుకుని, ఎవరో పిలిస్తే లేచి, పరదాని ఈడ్చుకుంటూ వీధి గుమ్మం దాకా వెళ్లింది. అందరికంటే ముందు తనే పడీపడీ నవ్వింది.

ఆ రోజు పొద్దున్నే మాస్టారు టీచరమ్మ బట్ట పరిచాడు. బూడిదరంగు ఉన్ని. ఆవిడ తండ్రి కోటు కుట్టించుకుందామని కొని, కుట్టించుకోకుండానే పోయాడు. సోమవారం ఆవిడ హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూర్చుంటుంది. ఆ బట్టతో కుట్టిన కోటు వేసుకునే కూర్చోవాలని కోరిక. వెడల్పు తక్కువ కావడంతో మాస్టారు బట్టని మడత పెట్టకుండా ఒంటి పొరగా పరిచి, కొలతకి కోసిన అట్ట పెట్టి కుడివైపు ముందు ముక్క కత్తిరించాడు. ఎడమ ముక్కకి అట్టని తిరగేయాలి. ఆయన తిరగేయలేదు, పక్కకి జరిపాడంతే.

రెండు ముక్కలూ ఎదురెదురుగా పెట్టి చూశాడు. రెండూ కుడివే. ఒకదాన్ని తిప్పి వాడదామంటే బట్టకి వెనకవైపు రంగే వేరు. నిన్నగాక మొన్న కత్తెర పట్టినవాడు చేసే తప్పు అది.

మెట్ల మీద చెల్లెలి అడుగుల చప్పుడు వినిపించింది. అట్ట మీద ఆవిడ సుద్దతో రాసిపెట్టిన "తిప్పాలి" అన్న మాటని మాస్టారు అరచేత్తో తుడిచేశాడు. ఎందుకు తుడిచాడో ఆయన్ని అడిగితే చెప్పలేకపోయేవాడు. మనం చెప్పగలం, మేకుకి భయపడి.

"కటింగ్ అయిందా అన్నయ్యా?"

"ఏం అవడం? అట్ట మీద గుర్తు పెట్టమన్నాను కదా. పెట్టావా?"

"పెట్టినట్టే గుర్తు."

"అయితే ఏదీ?"

ఆవిడ అట్ట చూసింది, ముక్కలు చూసింది. వాదించలేదు. తన తల మీద తనకే నమ్మకం లేనట్టు నుదురు రుద్దుకుంది. రెండో ముక్క తీసుకెళ్లి తనే మేకుకి తగిలించింది.

"ఇది నవ్వుకునే తప్పు కాదన్నయ్యా. వాళ్ల నాన్న బట్ట ఇది. నావల్ల నీ పేరు కూడా పోతోంది. రేపట్నుంచి నేను రాను."

ఈ కొట్టు తప్ప ఆవిడకి తనదంటూ ఇంకేమీ లేదని మాస్టారికి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. మధ్యాహ్నం టీచరమ్మ కొలత చూసుకోవడానికి వచ్చింది.

"తప్పు నాదండీ," అంటూ చెల్లెలు ముందుకొచ్చింది.

ఆ మాట ఆయన్ని పొడిచింది. "దానిది కాదు, నాది. అట్ట తిప్పలేదు. అది రాసిన గుర్తుని కూడా నేనే తుడిచేశాను."

టీచరమ్మ మేకు మీది ముక్కని చేత్తో తడిమింది. "మిగిలినదాంట్లో ఏమొస్తుంది?" అంది.

"చేతులకని ఉంచిన బట్టలో ఎడమ ముక్క తీస్తే, చేతుల్లేని కోటు అవుతుంది."

"కుట్టండి," అని వెళ్లిపోయింది. మొహంలో కోపం లేదు, నవ్వూ లేదు.

"నవ్వవే," అన్నాడు మాస్టారు బతిమాలుతున్నట్టు.

చెల్లెలు నవ్వలేదు. "ఇన్నేళ్లూ తగిలించినవన్నీ నావేనా?"

అవునని ఉంటే సరిపోయేది. "ఒకటి నీది కాదు," అన్నాడు.

"ఏది?"

"ఆ పొట్టి లాగు. అది కత్తిరించింది నేనే."

ఒక కాలు జానెడు పొట్టిగా కత్తిరించిన ఆ లాగుని తలుచుకుని వీధంతా నెల్లాళ్లు నవ్వింది. ఆ తర్వాత ఆవిడ కత్తెర ముట్టలేదు. కత్తెర నాకు అచ్చిరాదని తనే నవ్వుతూ అందరికీ చెప్పుకునేది.

"తొమ్మిదేళ్లు ముట్టలేదు," అంది చెల్లెలు. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకి.

కత్తెర బల్ల మీద పెట్టి పక్కకి జరిగాడు. ఆవిడ అట్టని తిరగేసి పరిచి, సుద్దతో చుట్టూ గీసింది. కత్తెర అందుకుంది.

"ఆ చివర పట్టుకో."

పట్టుకున్నాడు. సరిగ్గా తిప్పావా అని నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

ముక్క వారం రోజులూ మేకుకి వేలాడింది. "ఈసారేం చేసింది మీ చెల్లెలు?" అని వచ్చినవాళ్లంతా అడిగారు. "అది నాదండీ," అన్నాడు మాస్టారు. ఎవరూ నమ్మలేదు. చెల్లెల్ని ఎంత వెనకేసుకొస్తావయ్యా అని నవ్వారు.

"మళ్లీ చెప్పన్నయ్యా," అంది చెల్లెలు, కత్తెర ఆపకుండా.

మాస్టారు మళ్లీ చెప్పాడు.