ఎక్కువ రాసిన రెండేళ్ళు

దొంగ దగ్గర దొరికిన ఫోన్‌ను హెడ్ కానిస్టేబుల్ ఆరోన్ చపాతీలు చుట్టే రేకు కాగితంలో మూడు చుట్లు చుట్టాడు. మూలలు మడిచి, బొటనవేలితో నొక్కి, తన ఫోన్ నుంచి ఆ నంబరుకు చేసి చూశాడు. మోగలేదు. సిగ్నల్ అందితే బయటి నుంచి ఎవడైనా అందులో ఉన్నదంతా తుడిచెయ్యగలడు. సిగ్నల్ ఆపే అసలు సంచులు కావాలని ప్రొద్దుటూరులోని ఆ స్టేషన్ నుంచి మూడేళ్ళుగా ఉత్తరాలు పోతూనే ఉన్నాయి. సంచులు వచ్చేదాకా దొంగలు ఆగరు కదా! అందుకని రేకు చుట్ట కిరాణా కొట్టు నుంచి ఆయనే తెస్తాడు.

పొట్టి మనిషి. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారితే మోచేత్తో పైకి తోసుకుంటాడు. రోజూ జమ్మలమడుగు నుంచి పొద్దున బస్సుకే వస్తాడు. ఫోన్ల పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. వీడియోలు చూసి, ఇంట్లో పాత ఫోన్లు నాలుగు పాడుచేసి నేర్చుకున్నాడు. స్టేషన్లో ఆయన ఫోన్ల ఆరోన్.

ఫోన్లలో, కంప్యూటర్లలో దాగిన సాక్ష్యం వెలికితీసే డిజిటల్ ఫోరెన్సిక్స్ విద్యకు పోలీసులకోసం ఏటా ఒక స్కాలర్‌షిప్ ఉంది. విజయవాడలో ఆర్నెల్లు చదువు. ఫీజూ హాస్టలూ వాళ్ళే చూసుకుంటారు. రెండేళ్ళు వరసగా ఆరోన్ పోతానని అడిగితే పాత ఎస్సై ఒకే మాట అన్నాడు. "నువ్వు పోతే ఈ ఫోన్లు ఎవరు చూస్తారప్పా? వచ్చే ఏడు పోదువులే." దున్నే ఎద్దునే పొడుస్తారని ఊరికే అనలేదు. రెండుసార్లూ ఆరోన్ తల ఊపి ఫోన్ల దగ్గరికే పోయాడు.

ఈ ఏడు కొత్త నిబంధన వచ్చింది. వయసు నలభై అయిదు దాటకూడదు. ఆరోన్‌కు నిజంగా నలభై నాలుగు, కాగితాల్లో నలభై ఆరు. మిషన్ ఆసుపత్రి వార్డుల్లో పనిచేసిన తండ్రి జయకర్ బడిలో చేర్చిన రోజున, "రెండేండ్లు ఎక్కువేసి రాయండి సార్, బిడ్డ బిరీన ఉద్యోగంలో పడతాడు" అన్నాడు. అయ్యవారు రాసేశాడు. అప్పట్లో అందరూ చేసే పనే. ఫోన్ మీద అంటించే చీటీలో నిమిషం తేడా వచ్చినా కోర్టులో కేసు వీగిపోతుందని స్టేషన్ మొత్తానికీ చెప్పే మనిషి వయసులో రెండేళ్ళు తేడా!

కొత్త ఎస్సై మంచివాడే. పిలిచి కూర్చోబెట్టాడు.

"సడలింపు అడగొచ్చప్పా, నేను గట్టిగా రాస్తా. కానీ ఈడ నుంచి ఒక పేరే పోవల్ల. నువ్వా, రాధికనా? నువ్వే చెప్పు."

రాధిక కానిస్టేబుల్. రెండేళ్ళుగా ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని ఆయన దగ్గరే పని నేర్చుకుంటోంది.

"రాధికను పంపండి సార్. చిన్న పిల్ల, ముందుకు పోతాది."

ఎంత మంచి మనసని స్టేషనంతా మెచ్చుకుంది. మెచ్చుకున్నకొద్దీ ఆయనకు సిగ్గేసింది. అది మనసూ కాదు, మన్నూ కాదు, భయం. పాఠాలన్నీ ఇంగ్లీషులో, పక్కన పాతికేళ్ళ పిల్లలు. పైగా వయసు మీరిందని అర్జీ తిరిగొస్తే ఆ కాగితం నలుగురూ చదువుతారు.

ఈ పొద్దు పది గంటలకు జాబితా వచ్చింది. రాధిక పేరుంది. సాయంత్రం బస్సుకే ప్రయాణం. ఆరోన్ నిజంగానే సంతోషించి, అందరికీ టీ తెప్పించాడు.

మధ్యాహ్నం అన్నం క్యారియర్ విప్పుతుంటే పులివెందుల నుంచి ఖాదర్ ఫోన్ చేశాడు. ఇద్దరూ ఒకే ఏడాది పోలీసుల్లో చేరినవాళ్ళు.

"ఆరోనప్పా, నా పేరొచ్చింది! నలభై ఏడేండ్లకు మళ్ళా బడికి పోతాండా!"

"మరి వయసు?"

"అడిగినోళ్ళందరికీ సడలించినారంట. నువ్వెందుకు అర్జీ ఏయలా? నీకొచ్చిన పనిలో సగం నాకు యాడొచ్చు?"

"శానా సంతోషమప్పా," అన్నాడు ఆరోన్. గొంతు ఆయనకే కొత్తగా వినబడింది. క్యారియర్ మళ్ళీ మూసేశాడు. నోరు తెరిచి ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. పాత ఎస్సైని తిట్టుకుందామనుకున్నాడు, తండ్రిని తప్పుపట్టాలనుకున్నాడు. ఇద్దరి మీదా కోపం నిలవలేదు. చివరిసారి వద్దన్నది తన నోరే.

సాయంత్రం రాధిక తన సామాను సర్దుకుంది. ఆటో వచ్చింది. ఆరోన్ పెట్టె అందుకుని మెట్లు దిగాడు.

"నీళ్ళు పెట్టుకున్నావామ్మా?"

"పెట్టుకున్నా సార్." ఆమె ఆయన ముఖంలోకి చూసి ఏదో అనబోయింది. "మీరు పోవల్సింది సార్," అని మాత్రం అని ఆటో ఎక్కేసింది.

ఆటో బస్టాండు వైపు తిరిగింది. ఆరోన్ లోపలికి వచ్చాడు. ఇద్దరూ వాడే బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే రాధికకు దొరికినట్టుంది, ఒక కాగితం ఆయన కుర్చీకి ఎదురుగా స్టేప్లర్ బరువు పెట్టి ఉంది. నెల కిందట నింపి, సొరుగు అడుక్కి తోసి, చింపేశానని తనకు తాను చెప్పుకున్న అర్జీ. యూనిఫాంలో ఫొటో అంటించి ఉంది. పేరు, తండ్రి పేరు, సర్వీసు, చేసిన కేసులు, సడలింపు కోరే కారణం, అన్ని గళ్ళూ గుండ్రటి అక్షరాలతో నిండి ఉన్నాయి. అడుగున సంతకం చోటు మాత్రం తెల్లగా ఉంది.