పాదాల కింద పాట

రెజీనాకు ఒక్కటే కోరిక. పాట మళ్లీ పాదాల్లోంచి ఎక్కిరావాలి. అదేమైనా గొంతెమ్మ కోరికా అంటే, ముత్తుకూరులాంటి పల్లెపట్టున కూర్చుని కోరుకుంటే గొంతెమ్మ కోరికే.

నాలుగేళ్ల కిందట వచ్చిన మెదడువాపు జ్వరం ఆమె రెండు చెవులనూ తీసుకుపోయింది. ప్రాణం దక్కింది, దేవునికి స్తోత్రం చెప్పుకో అన్నారందరూ. చెప్పుకుంది. చెప్పుకున్నాక కూడా దిగులు పోలేదు. చెవిలో పెట్టే మిషన్లు పెట్టి చూశారు, లాభం లేదన్నారు. మాటల కోసం ఆమె అంతగా బాధపడలేదు. భర్త జడ్సన్ పెదవులు చదవడం ఆరు నెలల్లో వచ్చేసింది. మిగతావాళ్ల చేత ఫోనులో రాయించుకుంటుంది. బాధంతా పాట కోసమే.

పెళ్లికి ముందు ఇద్దరూ చెన్నైలో ఒక మాల్‌లోని గేముల హాలులో పనిచేశారు. ఆమె టోకెన్ల కౌంటరులో ఉండేది, అతను మిషన్లు రిపేరు చేసేవాడు. అక్కడ ఒక మూల డాన్సు మిషను ఉండేది. తెర మీద బాణాలు పైకి పాకుతుంటాయి, వాటికి తగ్గట్టు కింద ఇనుప పలక మీదున్న నాలుగు బాణాలను కాళ్లతో తొక్కాలి. డ్యూటీ దిగాక అరగంటసేపు ఆ మిషను రెజీనాదే. తాళం తప్పకుండా అడుగు పడేది. జడ్సన్ ముందు ప్రేమించింది ఆ కాళ్లనే, ముఖం తర్వాత చూశాడు. ఈ మాట అతనే చెప్పుకుని నవ్వుతుంటాడు.

చెవులు పోయిన మరుసటి ఏడు, చెన్నైలో డాక్టరుకు చూపించుకుని వస్తూ ఇద్దరూ ఆ హాలుకు వెళ్లారు. మిషను ఇంకా ఉంది. రెజీనా ఊరికే ఎక్కింది. పాట మొదలవగానే దరువు మడమల్లోంచి మోకాళ్లదాకా పాకింది. అడుగున ఉన్న పెద్ద స్పీకరు ఇనుమును అదిరిస్తోంది మరి. ఏడాదిగా ఏ పాటా లేని మనిషికి ఒక్కసారిగా పాట అందింది. జనం చూస్తున్నా అక్కడే నిలబడి ఏడ్చింది. రెండోసారి వెళ్లేసరికి హాలు లేదు, దాని చోట చెప్పుల షోరూము ఉంది.

జడ్సన్ టీవీకి తగిలించి ఆడే పాత గేమ్ కన్సోల్ ఒకటి కొనుక్కొచ్చాడు. దానితోపాటు మడతపెట్టే ప్లాస్టిక్ చాప వచ్చింది. టీవీలో అవే బాణాలు, అదే ఆట. కానీ ఆ చాప మీద ఎగరడమూ పరుపు మీద ఎగరడమూ ఒకటే. జారుతుంది, ముడతలు పడుతుంది, కిందనుంచి ఏమీ రాదు. హాలులో ఉండేలాంటి గట్టి పలకలు విదేశాల్లో అమ్ముతారని తెలిసింది. అలాంటిది ఒకటి ఇంటికి చేరే ఖర్చుకు పాత ఆటో ఒకటి వస్తుందని కూడా తెలిసింది. వీళ్ల ఆరాటం చూసి పక్కింటి ఆదిశేషమ్మ "చెవిటోడి ముందర శంఖం..." అని మొదలెట్టి నాలుక కరుచుకుంది. ఆ సామెత పెదవుల మీద ఎలా ఉంటుందో రెజీనాకు బాగా తెలుసు. మన భాషలో చెవిటివాళ్ల మీద సామెతలకు కరువు లేదు, వాళ్లకది తెలిసిపోతుందన్న ఆలోచనకే కరువు.

"తెప్పించుకునేది ఎందుకు? చేయిద్దాం," అన్నాడు జడ్సన్ చివరికి. "పెంచలకృష్ణన్న ఉండాడు గదా."

పెంచలకృష్ణ రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లను బాగుచేసే వెల్డరు. ముత్తుకూరు నుంచి సముద్రందాకా ఏ గుంటలో చక్రం తిరుగుతున్నా దాని మీద అతని చెయ్యి పడే ఉంటుంది. పనిమంతుడే, కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. జడ్సన్ అతనికి కొలతలిచ్చాడు, వీడియో చూపించాడు, అడుగున పెట్టాల్సిన స్పీకరు ఇచ్చాడు, గట్టిగా ఉండాలన్నాడు. అది ఎవరి కోసమో మాత్రం చెప్పలేదు. చెప్పొద్దని రెజీనాయే మాట తీసుకుంది.

"చెవిటిదానికి డాన్సేందని ఊరంతా నవ్వతాది. నువ్వేం చెప్పబాక," అంది.

పని పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ రెజీనా మనసు ఒకచోట నిలవలేదు. రోడ్డు మీద బొగ్గు లారీ పోతుంటే చెప్పులు విప్పి గడప మీద నిలబడేది. గ్యాసు బండ దించితే నేల అదిరినంతసేపూ కదలకుండా ఉండేది. ఇంత చిన్నదానికి ఇంతగా మొహం వాచిపోయానేమిటని తన మీద తనకే కోపం వచ్చేది.

ఆదివారం, చర్చి నుంచి వచ్చి భోంచేశాక, పలక ట్రాలీ ఆటోలో దిగింది. వెంట వచ్చిన పెంచలకృష్ణతో కలిసి నలుగురు పట్టి మోసి వరండాలో టీవీ ముందు దించారు. మందపాటి ఇనుప రేకు, నీలం రంగు, నాలుగు వైపులా పసుపు బాణాలు. చూడముచ్చటగా ఉంది. జడ్సన్ వైర్లు కలిపి పాట పెట్టాడు. రెజీనా ఎక్కింది.

ఏమీ రాలేదు.

తొక్కితే బాణాలు పనిచేస్తున్నాయి, టీవీలో మార్కులు పడుతున్నాయి. పాదాల కింద మాత్రం బండరాయి. స్పీకరు మోగుతోందా అన్నట్టు భర్తను చూసింది. అతను తలూపాడు. ఆ మోతకే కాబోలు, ఆదిశేషమ్మ గోడ మీంచి తొంగిచూస్తోంది. రెజీనా మోకాళ్ల మీద కూర్చుని పలకకు అరచేతులు ఆనించింది. లేదు. అప్పుడామెకు ఒక అనుమానం తట్టింది. లోపం పలకలో లేదేమో, చెవులతో పాటు కాళ్లకు తెలిసేది కూడా పోయిందేమో.

పెంచలకృష్ణ మాత్రం తన పనితనం చూసుకుని మురిసిపోతూ ఏదో చెబుతున్నాడు. గుబురు మీసం పెదవులను కప్పేయడంతో అతని మాట ఆమెకు అందదు. జడ్సన్ ముఖం వాడిపోయింది. ఆమె వైపు తిరిగి నిదానంగా చెప్పాడు.

"అడుగున ఎనిమిది చోట్ల రబ్బరు దిండ్లు పెట్టినాడంట. స్పీకరు చుట్టూ కూడా. ఉప్పుగాలి దూరకుండా సందులన్నీ మూసేసినాడంట. ఎంత సౌండు పెట్టినా ఒక్క బోల్టు కదలదంటన్నాడు."

అతన్ని ఏమని తప్పుపడతాం? ముప్పై ఏళ్లుగా అతనికి శత్రువులు ఇద్దరే, ఉప్పు, అదురు. ఉప్పు ఇనుమును తినేస్తుంది. అదురు బోల్టును వదులు చేస్తుంది, చక్రం ఆగుతుంది, గుంటలో రొయ్యలు చచ్చి తేలతాయి. గట్టిగా ఉండాలని అడిగిన పలకలో అదురు అన్నది మిగలకుండా చేశాడు.

రబ్బరు తీసెయ్యమని జడ్సన్ బతిమాలుతున్నాడు. పెంచలకృష్ణ తల అడ్డంగా ఊపుతున్నాడు. ఎందుకు తియ్యాలని అడుగుతున్నాడని చేతులు చూస్తేనే తెలుస్తోంది. ఇచ్చిన మాటకు కట్టుబడి జడ్సన్ నీళ్లు నములుతున్నాడు.

రెజీనా బయటివాళ్ల ముందు నోరు విప్పదు. తన గొంతు ఎంత లేస్తోందో తనకే తెలియదు. ఒకసారి చర్చిలో గుసగుసగా అన్నాననుకున్న మాటకు ముందు వరసలన్నీ వెనక్కి తిరిగాయి. ఆనాటినుంచి నోటికి తాళమే. ఇప్పుడు లేచి పెంచలకృష్ణ ఎదురుగా నిలబడింది.

"అన్నా, నాకు చెవులు వినపడవు. పాట నాకు కాళ్లకే తెలుస్తాది. నువ్వు తీసేసిన ఆ అదురే నాకు కావాల. అది లేకపోతే నాకు పాటే లేదు."

ఎంత గట్టిగా అందో గాని, గోడ దగ్గరి ఆదిశేషమ్మ లోపలికే వచ్చేసింది. పెంచలకృష్ణ పలకను చూశాడు, ఆమె పాదాలను చూశాడు. తర్వాత మీసాన్ని రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుని, ఆమెకు కనబడేట్టు ఒక్కో మాటా పలికాడు.

"రబ్బరు తీసినానంటే బోల్టులు వదులైపోతాయమ్మా. తుప్పు పడతాది. రెండేళ్లు కూడా రాదు."

"రెండేళ్లు చాలన్నా."

అతను పలకను బోర్లించి రబ్బరంతా పీకి పక్కన పడేశాడు. ఇనుమును ఇనుముకే బిగించాడు. బిగిస్తున్నంతసేపూ జడ్సన్‌ను తిడుతూనే ఉన్నాడు, మీసం ఊగుతుంటే ఆమెకు తెలిసింది.

జడ్సన్ పాట పెట్టాడు. చెన్నైలో ఆమె వందలసార్లు ఆడిన పాటే, ఏ దేశపు భాషో ఇద్దరికీ తెలియదు. రెజీనా ఎక్కగానే మడమల్లో దరువు పుట్టింది, పిక్కల్లోకి పాకింది, నడుము దాటింది. కాళ్లు వాటంతటవే పడ్డాయి. నిజానికి కిందనుంచి వచ్చింది దరువొక్కటే. రాగాన్ని ఆమే లోపలినుంచి తీసి దాని మీద పరిచింది. మొదటి చరణం అయింది. రెండో చరణంలో ఒకచోట దరువు సాగింది, కాళ్లు సాగాయి, రాగం మాత్రం రాలేదు. వెతికింది. అక్కడేమీ మిగల్లేదు.

ఆమె దిగి భర్త ముందు నిలబడింది.

"రెండో చరణం సగానికి వచ్చినాక, పాట పైకి పోతాదా, దిగుతాదా?"

జడ్సన్ పాటను మళ్లీ పెట్టి, ఆ చోటిదాకా విని, చెయ్యెత్తి గాల్లో చూపించాడు. పైకి. కాసేపు అక్కడే. తర్వాత కిందికి.

రెజీనా మళ్లీ ఎక్కి, ఆ చేతినే చూస్తూ తొక్కింది. ఆ చోటు రాగానే రాగాన్ని పైకి తీసుకుపోయింది. బాగానే ఉంది. అది తాను పోగొట్టుకున్నదో, ఇప్పుడు తానే కట్టుకున్నదో తెలియలేదు. తెలుసుకునే దారీ లేదు. పైకి అని చెయ్యి చెప్పగలదు గాని, ఎంత తియ్యగానో చెప్పలేదు.

పాట అయిపోయింది. జడ్సన్ చెయ్యి దించబోయాడు.

"దించబాక," అంది రెజీనా. "మళ్లీ పెట్టు."