ఎక్సిల్డా నాడె

ఎక్సిల్డా మగ్గం మీది పడుగు నూలు మీదనే నెత్తురు కక్కింది. తెల్లటి పడుగు మీద అరచేతి మేర ఎర్రగా పాకింది. మేస్త్రీ ప్రాట్ పరుగెత్తుకొచ్చి ముందు మగ్గం ఆపాడు, ఆ తర్వాతే మనిషి వైపు చూశాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను చెరో రెక్కా పట్టుకుని మెట్లు దింపారు. ఆమె చేతిలోంచి జారిన నాడె, పేక పోగు నడిపే చెక్క, నేలమీద పడి ఉంది. మేస్త్రీ దాన్ని తీసి తన ముందుగుడ్డకి రెండుసార్లు తుడిచి చుట్టూ చూశాడు.

"ఏయ్, పోర్చుగీసు పిల్లా. ఈ రెండు మగ్గాలు కూడా ఇక నీవే. రా."

దియోలిందా వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది? మొగుడు తిమింగలాల వేట ఓడెక్కి పోయి నాలుగు నెలలు, ఉత్తరం ముక్క లేదు. ఇంట్లో అత్తా, ఏడు నెలల పాపా ఉన్నారు.

నాడెలో కొత్త నూలు కండె పెట్టినప్పుడల్లా నూలు కొసను పక్కనున్న చిన్న కన్నంలోంచి బయటికి లాగాలి. అందుకు పెదవులు కన్నానికి ఆనించి గట్టిగా పీల్చాలి. పోగు నాలిక మీదికి వస్తుంది, పోగుతోపాటు దూదిపొట్టు వస్తుంది. మిల్లులో దానికి ముద్దు అని పేరు. రోజుకి ఏడెనిమిది వందల ముద్దులు. నాడె మనిషిది కాదు, మగ్గానిది. మనిషి పోతే నాడె తర్వాతి మనిషి నోటికి వస్తుంది.

ఆ నాడె కన్నం దగ్గర చెక్క అరిగి పెదవి పట్టేంత గుంట పడి ఉంది. అది ఎక్సిల్డా పెదవి చేసిన గుంట. ఆమె దగ్గుకి వాడిన కర్పూరం వాసన, దాని వెనక ఏదో ఉప్పన. దియోలిందా కళ్ళు మూసుకుని పీల్చింది.

ఆ సాయంత్రం పాప ఆకలికి ఏడుస్తుంటే ఎప్పటిలాగే రొట్టె ముక్క నోట్లో వేసుకుని నమిలింది. వాళ్ళ పోర్చుగీసు దీవుల్లో తల్లులందరూ అలాగే మెత్తగా నమిలి పిల్లల నోట్లో పెడతారు. పాప ఆల్డా పిట్టపిల్లలా నోరు తెరిచింది. దియోలిందా దవడ ఆగిపోయింది. నమిలిన ముద్దను చేతిలోకి ఊసి పొయ్యిలో పడేసింది.

"ఏమే, రొట్టెని పొయ్యిలో వేస్తావా? తిండిని కాళ్ళదన్నుకునేంత కలిగినిల్లా మనది?" అంది అత్త రొసలీనా.

"నా నోరు బాలేదత్తా."

పాలల్లో రొట్టె వేళ్ళతో నలిపి పెట్టింది. పాప మూతి తిప్పుకుంది. ఆ రోజునించి దియోలిందా పాపని ముద్దు పెట్టుకోలేదు.

తొమ్మిదోనాడు ఎక్సిల్డా చచ్చిపోయింది.

తర్వాతి వారం బోస్టన్ నించి పెద్దింటి ఆడవాళ్ళు వచ్చారు. క్షయరోగం మీద పోరాడుతున్నారట. చర్చి హాల్లో అందరినీ కూచోబెట్టి కాగితాలు పంచారు. దియోలిందాకి చదువు రాదు. పక్కనున్న హొనోరా అవ్వ చదివిపెట్టింది. ఐర్లండు మనిషి. నలభై ఏళ్ళుగా నేత. నాడె పీల్చి పీల్చి ముందుపళ్ళు ఒక్కటీ లేవు.

"కిటికీలు తెరిచి ఉంచండి. ఎక్కడపడితే అక్కడ ఉమ్మకండి. పిల్లల్ని నోటిమీద ముద్దు పెట్టుకోకండి." అవ్వ కాగితం మడిచింది. "పోగు తెగుతుందని మిల్లు కిటికీలు మేకులు కొట్టి మూసింది మిల్లు దొరలైన వాళ్ళ అన్నదమ్ములే. ఆ సంగతి ఇందులో రాయలేదు."

దియోలిందా లేచి నిలబడింది.

"అమ్మగారూ, నాడెకి నోరు పెట్టొచ్చా?"

"నాడె అంటే?" అంది బోస్టన్ వాళ్ళలో చిన్నావిడ.

హాలంతా గుసగుసలాడింది. ఆ చిన్నావిడ మంచిదే. సిగ్గుపడి, అంతా అడిగి తెలుసుకుని పుస్తకంలో రాసుకుంది. మిల్లు దొరని కలిసింది. రెండ్రోజుల తర్వాత మిల్లు గేటు దగ్గర నిలబడి జవాబు చెప్పింది.

"మగ్గాల గదిలో పెట్టె నిండా తీగ కొక్కేలు ఉన్నాయట. పోగు లాగడానికే పెట్టారట. మీరే వాడరట. ఇది మీ దేశాలనించి తెచ్చుకున్న అలవాటని దొరగారు అన్నారు."

పెట్టె ఉన్నమాట నిజమే. మేస్త్రీ బల్లకింద దుమ్ము పట్టి ఉంది. కొక్కెంతో లాగితే ముద్దుకి పట్టే కాలానికి నాలుగింతలు పడుతుంది. కూలి నేసిన గుడ్డ తానుల లెక్కన. తానులు తగ్గితే మగ్గం పోతుంది. ఎక్సిల్డా పోయిన మర్నాడు దియోలిందా ఒక కొక్కెం తీసుకుంటే, మధ్యాహ్నానికి మూడు మగ్గాలు ఊరికే నిలబడ్డాయి. మేస్త్రీ వచ్చి కొక్కెం లాక్కున్నాడు. "ఇవి చూపించడానికే పిల్లా, వాడ్డానికి కాదు" అని నవ్వాడు.

ఆదివారం పూజ అయ్యాక మగ్గాల ఆడవాళ్ళంతా రొట్టెల బట్టీ వెనక పాకలో చేరారు. పోర్చుగీసువాళ్ళు ఒక వైపు, ఫ్రెంచివాళ్ళు ఒక వైపు, ఇంగ్లండునించి వచ్చిన లాంకషైర్ ఆడవాళ్ళు గుమ్మం దగ్గర. ఒకరి మాట ఒకరికి సగమే తెలుసు. మిల్లులో చెవులు పోయినవాళ్ళు కాబట్టి పెదవులు చూసి మాట తెలుసుకోవడం అందరికీ అలవాటే.

గుమ్మం దగ్గరనించి హానా ఆగ్డెన్ ముందు లేచింది. మగ్గాల గదిలో అందరికన్నా వేగమైన చెయ్యి ఆమెది.

"మా అమ్మ నోటితోనే లాగింది, మా అమ్మమ్మా అంతే. కొక్కెం పనిరానివాళ్ళకి. చేతకాకపోతే ఇంటికి పొండి, మా కూలి చెడగొట్టకండి."

హొనోరా అవ్వ ఆమె ముందుకెళ్ళి నోరు తెరిచి వేలితో చిగుళ్ళు చూపించింది. "బాగా చూడవే. మీ అమ్మమ్మ నీకు రాసిచ్చిన ఆస్తి ఇదే."

కొందరు నవ్వారు. హానా నవ్వలేదు. "నేనొక్కదాన్నే కొక్కెం పడితే నా మగ్గాలు ఈ పోర్చుగీసుదానికి ఇస్తారు. ఎక్సిల్డావి ఇచ్చినట్టే. తీసుకుందిగా మరి."

అందరూ దియోలిందా వైపు తిరిగారు.

"తీసుకున్నాను" అంది దియోలిందా. "ఆమె నెత్తురు ఆరకముందే నోట్లో పెట్టుకున్నాను. నా పాపని ముద్దు పెట్టుకుని ఇరవై రోజులైంది. రొట్టె నమిలి పెట్టడం మానేశాను. మీరు కాదంటే ఇవాళ నేనొక్కదాన్నే చచ్చిపోతాను. రేపు నా నాడె మీలో ఎవరికో వస్తుంది. అది ఎవరికో ఇప్పుడే చెప్పండి."

హానా ముక్కు చీదుకుంది.

"అందరూ కొక్కెం పడితే నేనూ పడతాను. ఒక్కతె తప్పినా నేనూ తప్పుతాను."

"సమ్మె చేస్తే సైన్యాన్ని పిలుస్తారు" అంది ఎవరో.

"సమ్మె ఎవరు చెయ్యమన్నారు?" అంది అవ్వ. "దొరగారు కొక్కేలు పెట్టారు. మనం దొరగారి మాట వింటున్నాం."

సోమవారం పొద్దున నూటపాతిక మంది వరసగా మేస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళి తలా ఒక కొక్కెం తీసుకున్నారు. ప్రాట్ నోరు తెరిచి చూశాడు. అందరికీ చాలలేదు. మిగిలినవాళ్ళు జుట్టు సూదులు వంచుకున్నారు. తొమ్మిదయ్యేసరికి సగం మగ్గాలు నాడె కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాయి. మేస్త్రీ ఆ మూలనించి ఈ మూలకి పరుగెత్తాడు. "తొందరగా, తొందరగా" అన్నాడు. "తొందరగానే చేస్తున్నాం మేస్త్రీ, కొక్కెం జారుతోంది" అంది హానా తాపీగా.

పదకొండింటికి దొర వచ్చాడు.

"ఏమిటిది?"

"మీరు పెట్టిన కొక్కేలే దొరా" అంది అవ్వ.

"ఫిలిప్పీన్స్ యుద్ధంలో, మనీలాలో మన అమెరికా సైన్యం గుడ్డ కోసం కాచుకుని ఉంది. మన జెండా కోసం అక్కడ ప్రాణాలిస్తున్నారు. మీరిక్కడ ఆటలాడుతున్నారు."

"నా కొడుకు అక్కడే ఉన్నాడు దొరా" అంది అవ్వ. "ఉత్తరం రాశాడు. అమ్మా, నువ్వు నేసిన చొక్కా తొడుక్కుని కాలుస్తున్నాను, కాల్చేది మనలాంటి కూలోళ్ళ గుడిసెల్ని అని రాశాడు. మీకు చదివి వినిపించనా?"

దొర మొహం కందిపోయింది. "ఎప్పటిలా పనిచెయ్యండి."

"ఎప్పటిలా అంటే?"

"మీకు తెలీదా?"

"మీ నోటితో చెప్పండి దొరా. అది మా అలవాటని బోస్టన్ అమ్మగారికి చెప్పారుగా."

"నోటితో లాగండి" అని అరిచాడు దొర.

మగ్గాల చప్పుడులో వెనకున్నవాళ్ళకి మాట వినపడలేదు. కాని ఆ గదిలో ప్రతి ఆడదీ పెదవులు చూసే మాట తెలుసుకుంటుంది. నూటపాతిక మందికీ తెలిసింది. ఒక్కొక్క మగ్గం ఆగిపోయింది.

దియోలిందా ఎక్సిల్డా నాడె పట్టుకుని ముందుకొచ్చింది. కొత్త కండె పెట్టి ఉంది. గుంట పడ్డ వైపు పైకి తిప్పి దొర ముందు చాపింది.

"చూపించండి దొరా. ఒక్కసారి."

దొర ఒక అడుగు వెనక్కి వేశాడు. అంతే. ఒక్క అడుగే. అందరూ చూశారు.

"మేస్త్రీ, అది తీసుకో" అన్నాడు.

ప్రాట్ చేతులు వీపు వెనక పెట్టుకున్నాడు.

ఎవరూ చెయ్యి చాపకపోయేసరికి దియోలిందా నాడెను తన ముందుగుడ్డలో చుట్టుకుంది. దాంతో ఆమె దొంగ అయింది. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేసరికి గేటు దగ్గర పోలీసు కాచుకుని ఉన్నాడు. కంపెనీ సొత్తు ఎత్తుకుపోతోందని ఆమె రెక్క పట్టుకున్నాడు.

ఆ వేళకి ముసలివాళ్ళు పాలకోసం పసిపిల్లల్ని గేటు దగ్గరికి తెస్తారు. రొసలీనా ఆల్డాని ఎత్తుకుని నిలబడి ఉంది. పాప తల్లిని చూసి చేతులు చాపింది.

"పాలివ్వనీరా" అంది హొనోరా అవ్వ పోలీసుతో. "మీ అమ్మ నిన్నీ మెట్లమీదే పడుకోబెట్టి పాలిచ్చింది. ఎలా పోయిందో గుర్తుందా, చెప్పమంటావా?"

పోలీసు చెయ్యి వదిలి వీధివైపు తిరిగాడు.

దియోలిందా మెట్లమీద కూచుని పాపకి పాలిచ్చింది. పాప తాగుతూ వేలితో తల్లి కింది పెదవి లాగింది. దియోలిందా మొహం పక్కకి తిప్పుకుంది. పాప నిండేదాకా ఆగి అత్త చేతికిచ్చింది.

"రొట్టె నమిలి పెట్టకత్తా. నువ్వూ ఆ మిల్లులోనే పదిహేనేళ్ళు చేశావు. వేళ్ళతో నలిపి పెట్టు. అవ్వా, నువ్వూ అంతే, పాపని చూస్తుండు."

"నమలడానికి నాకు పళ్ళెక్కడివే" అంది అవ్వ. ఎవరో నవ్వారు. నవ్వినవాళ్ళే కళ్ళు తుడుచుకున్నారు.

పోలీసు ఆమెను నడిపించుకుపోతుంటే పనిలోకి రమ్మని ఒంటిగంట గంట కొట్టింది. హానా ఆగ్డెన్ మెట్లమీద దియోలిందా లేచిన చోట కూచుంది. పక్కన ఇంకొకతె కూచుంది. గంట మళ్ళీ కొట్టారు. కింది అంతస్తు మగ్గాలవాళ్ళు గేటులో అడుగుపెట్టబోయి ఆగారు. ఏమైందని అడిగారు, విన్నారు. మూడోసారి గంట కొట్టేసరికి కూచోడానికి మెట్లు చాలలేదు.

వీధి మలుపులో దియోలిందా వెనక్కి తిరిగి చూసింది. ఆడవాళ్ళ కొప్పుల్లో తీగ కొక్కేలు ఎండకి మెరుస్తున్నాయి. పాప ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతోంది. ఎవరూ ముద్దు పెట్టుకోవడం లేదు. లోపల యంత్రం తోలు పట్టాలు తిరుగుతూనే ఉన్నాయి. మగ్గాల దగ్గర ఒక్కరూ లేరు.