తువ్వాలు కింద చెయ్యి

"లీయా గూడ వస్తది. రొట్టెలు జర మెత్తగ చెయ్యి."

మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ మా ఆయన అన్నాడు. నేను ఎంగిలి పళ్ళెం తీస్తున్నదాన్ని ఆగిపోయాను. గురురాజ్ వస్తాడని ఎప్పుడూ చెప్పడు. శ్రీశైల్ వస్తాడనీ చెప్పడు. వాళ్ళు వస్తారు, తింటారు, పోతారు. లీయా వస్తుందని మాత్రం ముందే చెప్తాడు. పైగా పెళ్ళైన ఇన్నేళ్ళలో రొట్టె మెత్తదనం గురించి యోగేందర్ నోరు విప్పడం ఇదే మొదటిసారి.

బీదర్‌లో క్రికెట్ పిచ్చి లేని ఇల్లుండదు. మా ఇంటికి పట్టింది ఇంగ్లండు ఫుట్‌బాల్ పిచ్చి. గాంధీ గంజ్ ధాన్యం బజారులో కందిపప్పు హోల్‌సేల్ చేసే మనిషికి లండన్‌లో ఉన్న ఆర్సెనల్ జట్టే ప్రాణం. ఆ జట్టులో ఎవడికి మడమ నొప్పో, ఎవడికి తొడ కండరం పట్టిందో అతనికి నోటికి వచ్చు. వరసగా మూడో వారం నేను నడుముకు బామ్ రాసుకుంటుంటే మాత్రం, "ఏందీ వాసన?" అని అడిగాడు. శనివారం సాయంత్రం ఆట ఉంటే గంజ్ స్నేహితులు మా హాల్లో చేరతారు. వాళ్ళలోకి ఈ మధ్యే వచ్చి చేరింది లీయా. శ్రీశైల్ వాళ్ళ కాలనీ అమ్మాయి, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తుంది. లివర్‌పూల్ అభిమాని. వచ్చిన నాటి నుంచి మా అన్నం పళ్ళేల మధ్య కూడా ఆమే కూర్చుంటోంది. "లీయా ఏమంటదంటే, డిఫెన్స్ అంత ముందుకు జరగొద్దంటది." "లీయా ముందే చెప్పింది, ఆ కోచ్ దసరా దాక గూడ ఉండడని." నేను మజ్జిగ పోస్తూ వింటాను. నేనేమంటానో అని అతనికి ఎప్పుడూ సందేహం రాలేదు.

ఒకసారి నేనే అడిగాను, ఆఫ్‌సైడ్ అంటే ఏందని. "నీకెందుకే, పప్పు మాడుతుంది సూడు" అన్నాడు. పప్పు నిజంగానే మాడుతోంది. అందుకే అప్పుడు ఆ మాట తగిలినట్టు కూడా తెలియలేదు.

ఆమె అతన్ని "యోగేందర్ అన్నా" అని పిలుస్తుంది. అంటే ఏం? గంజ్‌లో హమాలీలూ లారీ డ్రైవర్లూ అందరూ అతన్ని అన్నా అనే పిలుస్తారు. వాళ్ళొచ్చే ముందు అతను చొక్కా మార్చుకోడు. కానీ లీయా నవ్వితే అతనూ నవ్వుతాడు, గొంతు లోపలి నుంచి. ఆ నవ్వు పెళ్ళైన కొత్తలో నా దగ్గర కొన్నాళ్ళు ఉండిపోయింది. ఇంటి నుంచి ఎప్పుడు వెళ్ళిపోయిందో గమనించలేదు. ఇప్పుడు నా హాల్లోనే, నేను ఊడ్చిన బండల మీదే, ఇంకొకరికి వినిపిస్తోంది. వంటింటి కిటికీలోంచి నేను చూస్తుంటే మా అత్త సుమిత్రాబాయి పట్టేసింది. "ఎందుకే దొంగోలె సూస్తవు? తాగుతలేడు, పేకాటకు పోతలేడు. ఇంట్ల టీవీ సూస్తుండు. అదృష్టం అనుకో." అనుకున్నాను. అనుకుంటూనే ఆ వారం లీయా పళ్ళెంలో చట్నీకి ఇంకొంచెం కారం కలిపాను. "వదినా, చట్నీ మస్తుంది, ఇంకొంచెం వెయ్యి" అందామె కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. ఆ రోజు నాకు ఆమె మీద మరింత కోపం వచ్చింది.

కానీ నా నిద్ర చెడగొట్టింది నవ్వు కాదు, తువ్వాలు.

మా మామ విఠల్‌రావు గంజ్‌లో పేరున్న దలాలు. ఆయన కాలంలో ధాన్యం ధర నోటితో చెప్పేవారు కాదట. దలాలు చేతి మీద తువ్వాలు కప్పుకునేవాడు, కొనేవాడు దాని కిందికి చెయ్యి పోనిచ్చి వేళ్ళు పట్టుకుని ధర చెప్పేవాడు. పక్కన నిలబడ్డవాడికి కూడా తెలిసేది కాదు. దలాలు ముఖం తిప్పుకుని ఉండాలి, అది నియమం. ముఖాలు చూసుకుంటే కళ్ళే ధర చెప్పేస్తాయనేవాడు మామ. ఇప్పుడు గంజ్‌లో ధరలు కంప్యూటర్లో పడుతున్నాయి. మామ పోయాడు, తువ్వాలు మిగిలింది. దాన్ని మా ఆయన ఫుట్‌బాల్‌కు వాడుతున్నాడు. ఆట మొదలయ్యే ముందు ఏ జట్టు ఎన్ని గోల్స్ కొడుతుందో ఒక్కొక్కరూ తువ్వాలు కింద చెప్పాలి. అతని వేళ్ళలో ఎన్ని పట్టుకుంటే అన్ని గోల్స్, ముందు సొంత మైదానంలో ఆడే జట్టువి, తర్వాత అవతలి జట్టువి. ఒకరిది విని ఇంకొకరు కాపీ కొట్టకుండా. ఓడినవాళ్ళు వచ్చే వారం మిర్చి బజ్జీలు తేవాలి.

ఆ తువ్వాలును ప్రతి వారం నేనే ఉతుకుతాను. దాని కింద నా మొగుడి వేళ్ళను లీయా పట్టుకుంటుంది.

రొట్టెలు మెత్తగా చెయ్యమన్న ఆ రోజు లివర్‌పూల్ మైదానంలో ఆర్సెనల్ ఆట. దేశాల ఆటల కోసం రెండు వారాలు ఆగి, క్లబ్బుల ఆటలు మళ్ళీ మొదలైన శనివారం. అందరూ వేళకే వచ్చారు. లీయా చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, సోఫాలో కాళ్ళు మడుచుకుని కూర్చుంది. మా ఇంట్లో నేను ఎప్పుడూ అలా కూర్చోలేదు. ఆమె చేతులు చూశాను. పొడుగు వేళ్ళు, శుభ్రమైన గోళ్ళు, చాక్‌పీస్ తప్ప బరువేమీ ఎరగని చేతులు. లోపలికి వెళ్ళి జొన్నపిండి ముందు కూర్చున్నాను.

"దేశానికి ఆడి మోకాలు ఇరగ్గొట్టుకొని వస్తరు. జీతమిచ్చేది ఎవరు? క్లబ్బు" గురురాజ్ గొంతు.

"దేశానికి ఆడకుంటే ఇంక ఆడుడెందుకన్నా?" లీయా. "వచ్చే వరల్డ్ కప్‌ల నలభై ఎనిమిది దేశాలంట. మీ ఆర్సెనలోళ్ళు సగం మంది అటే పోతరు, మీరు ఖాళీ కుర్చీలు సూడున్రి."

"అదే నేననేది!" యోగేందర్ గట్టిగా అందుకున్నాడు. "కప్పుల మీద కప్పులు పెంచుకుంట పోతున్నరు. ఎండాకాలం సెలవుల్ల గూడ ఒకటి పెట్టిరి. వారంల రెండు మ్యాచులు. వాళ్ళు మనుషులా, మిషన్లా? జర ఆరాం ఇయ్యొద్దా? ఎంత పెద్ద ఆటగాడైనా ఒకరోజు కూసోబెట్టి ఇంకోన్ని దించాలె. లేకుంటే వాని కాళ్ళేం గావాలె?"

అరచేతుల మధ్య రొట్టె ఆగింది. ఆ గొంతులో నిజమైన జాలి ఉంది. ఎవరో తెలియని మనిషి కాళ్ళ కోసం మా ఆయన బాధపడుతున్నాడు. నేను పొద్దున లేచిన దగ్గర్నుంచి దుకాణం నుంచి వచ్చిన కందుల శాంపిళ్ళు చెరిగాను, అత్త మోకాళ్ళకు నూనె రాశాను, వీళ్ళ కోసం హాలు కడిగాను, ఇప్పుడు వీళ్ళ ఆకలికి రొట్టెలు తడుతున్నాను. నన్ను కూర్చోబెట్టి ఇంకెవరిని దించుతారు? నిరుడు జ్వరంతో పడుకుంటే "ఇయ్యాలొక్కరోజు లేస్తివంటే రేపు పండుకుందువు" అన్నది ఈ గొంతే. నాకు మండింది ఆ జాలి అతనిలో లేనందుకు కాదు, ఉన్నందుకు. మంచి గింజలు ఏరి బయటి గిరాకీకి పంపినట్టు, జాలిని కూడా బయటికే పంపుతున్నాడు.

"రండ్రి, తువ్వాలు తీసిన" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. నోరు అబద్ధం చెప్తుందేమో గాని తువ్వాలు కింద చెయ్యి చెప్పదు. లీయా వేళ్ళు తగిలినప్పుడు అతని చెయ్యి ఏం చేస్తుంది? బిగుస్తుందా? వదలకుండా ఒక క్షణం ఎక్కువ ఆగుతుందా? తెలుసుకోవాలంటే ఒక్కటే దారి. పెనం మీద కొత్త రొట్టె వేసి, చేతులు తుడుచుకుని, గాజులు చప్పుడు కాకుండా మోచేతి దాకా తోసుకుని హాల్లోకి నడిచాను.

అతను సోఫా చివర కూర్చుని, ముఖం టీవీ వైపు తిప్పుకుని, చేతిని పక్కకు చాపి ఉన్నాడు. దాని మీద మామ తువ్వాలు. గురురాజ్ అయిపోయాడు. శ్రీశైల్ అయిపోయి టీవీ దగ్గర చాప మీద కూర్చున్నాడు. లీయా లేవబోయింది. నేను వద్దన్నట్టు చెయ్యి చూపాను. ఆమె నా ముఖంలోకి చూసి, ఏం అర్థమైందో, మెల్లగా కూర్చుంది.

"రా లీయా" అన్నాడు అతను.

చెయ్యి లోపలికి పోనిచ్చాను. అతని వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. రెండు పట్టుకున్నాను. అతని బొటనవేలు నా అరచేతిని ఒకసారి తడిమి ఆగింది. తర్వాత పెద్దగా నవ్వాడు.

"అరే శ్రీశైలూ, మళ్ళ నువ్వేనా! లీయా చెయ్యి ఇట్లుంటదారా? ఇది గోనెసంచి లెక్కుంది!"

"నేనీడున్న గదన్నా" అన్నాడు శ్రీశైల్ చాప మీద నుంచి.

యోగేందర్ అతని వైపు చూశాడు. తర్వాత ఇటు తిరిగాడు. నవ్వు ముఖం మీదే ఉండి ఎక్కడికి పోవాలో తెలియక నిలబడిపోయింది.

అనుమానం తీరింది. ఆ చేతిలో దొంగతనం లేదు. కొన్ని శనివారాలు తువ్వాలు కింద తగిలిన చెయ్యి ఎలా ఉంటుందో అతనికి గుర్తుంది, అంతే. రోజూ పళ్ళెం అందించే చెయ్యి, పక్కలో పడుకునే చెయ్యి గుర్తు లేదు. అతను ఏదైనా తప్పు చేసి ఉంటే దానికి ఏడవడం నాకు వచ్చు. దీనికి ఎలా ఏడవాలో తెలియలేదు.

"నువ్వా... జర చెప్పొద్దా స్మితా?" అన్నాడు. అందరి ముఖాలూ చూసి, గొంతు తగ్గించి, "చేతులు పగిలినయా ఏంది? రేపు క్రీమ్ తెస్తలే" అన్నాడు.

నేను చెయ్యి తీయలేదు.

"అన్నా, వదిన స్కోరు సగమే చెప్పింది" అంది లీయా.

అతని వేళ్ళలో ఒకటి పట్టుకున్నాను. గట్టిగా.

"రెండు... ఒకటి" అన్నాడు అతను. "ఆర్సెనల్ ఓడ్తదంటవా?"

"ఓడ్తది."

"అన్నా, ఇంట్లనే గోల్ వడ్డది నీకు!" శ్రీశైల్ తొడ చరిచాడు.

లీయా పక్కకు జరిగింది. నేను సోఫాలో కూర్చుని, కాళ్ళు పైకి తీసుకుని మడుచుకున్నాను. విజిల్ మోగింది. ఆట మొదలైంది.

"మరి చాయ్..." అన్నాడు యోగేందర్.

"ఆఫ్‌సైడ్ అంటే ఏంది?" అని అడిగాను, అతన్నే.

"నీకెందు..." అని ఆగిపోయాడు.

వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. పెనం మీద వేసి వచ్చిన రొట్టె. "స్మితా, రొట్టె మాడుతుంది!" లోపలి గదిలోంచి అత్త కేక వేసింది. వాసన హాలంతా కమ్ముకుంది. అందరూ నా వైపు చూశారు.

నేను బంతి వైపు చూస్తున్నాను.