కిటికీ కొలత

ఆదివారం వచ్చిందంటే యేసుకుమార్‌కి చర్చీ లేదు, చేపల కూరా లేదు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో టేపు వేసుకుని వన్ టౌన్‌లో సిటీ బస్సెక్కి బెంజ్ సర్కిల్‌లో దిగేవాడు. అక్కడ ఒక బట్టల షాపు మేడ మీద, వారమంతా ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం క్వాంటిటీ సర్వేయింగ్ చెప్పేవాళ్లు. ఒక ఇంటికి ఎన్ని ఇటుకలు పడతాయో, ఎంత సిమెంటు, ఎంత ఇనుము కావాలో పునాది తీయకముందే లెక్కగట్టే చదువు అది. నలభై దాటిన మనిషి, ఇరవయ్యేళ్ల పిల్లల పక్కన బెంచీ మీద ఒదిగి కూర్చునేవాడు. సైటు సూపర్‌వైజరుగా ఎండల్లో మాడిన ఒళ్లు, ఇకనైనా ఫ్యాను కింద కూర్చుని బిల్లులు రాసుకోవాలని అతని ఆశ. ఆశలో తప్పేం లేదు. ఆ ఆశ కోసం ఇంట్లో మాటలు పొదుపు చేశాడు, తప్పంతా అక్కడే ఉంది.

పాఠం చెప్పే నిసార్ అహ్మద్ గారు మొదటి క్లాసులోనే ఒక హెచ్చరిక చేశారు. ఎవరింటికైనా కొలతలకు వెళితే, ముందు ఆ ఇంట్లోవాళ్లు మాట్లాడుకుంటున్నారో లేదో కనుక్కోమన్నారు. మాటల్లేని ఇల్లు కుంచించుకుపోతుందనేది కృష్ణ కింద ఊళ్లలో ఎవర్నడిగినా చెప్తారు. అన్నదమ్ములు ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇంట్లో మంచం పట్టక గోడకు నిలబెట్టేస్తారు. అత్తాకోడళ్లకు పడని ఇంట్లో బీరువా తలుపు సగమే తెరుచుకుంటుంది. అందుకే పాతకాలం మేస్త్రీలు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, టీ తాగించి, నాలుగు కబుర్లు చెప్పించిన తర్వాతే కొలతలు తీసేవారు.

"ఒంటరివాడి ఇల్లు మాత్రం ఎప్పుడు కొలిచినా ఒకటే వస్తుంది," అని నిసార్ అహ్మద్ గారు నవ్వారు. "అలగడానికైనా రెండో మనిషి ఉండాలి కదా."

పిల్లలంతా రాసుకున్నారు. యేసుకుమారూ రాసుకున్నాడు.

అతనిది గొల్లపాలెం గట్టు పక్క సందులో రెండు గదుల సొంతిల్లు. ముందు గదిలో అతని పుస్తకాలు పరుచుకోవడంతో, భార్య దానమ్మ కుట్టుమిషను వంటగదిలోకి వెళ్లిపోయింది. దానమ్మ జాకెట్లు కుడుతుంది. సందులో ఆడవాళ్లందరికీ ఆమె చెయ్యి పడితేనే జాకెట్టు జాకెట్టులా ఉంటుంది. కానీ ఆ వంటగదికి కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. నల్లగుడ్డ మీద నల్లదారం కనపడక వేళ్లకు సూది గుచ్చుకునేది. తూర్పు గోడకు ఒక్క కిటికీ పెట్టించమని ఆమె అడిగినప్పుడల్లా అతను పరీక్ష అయ్యాక చూద్దామనేవాడు. ఒక పరీక్ష అయితే ఇంకోటి వచ్చేది. ఊళ్లో ఎందరి ఇళ్లకో కిటికీలు పెట్టించిన మనిషి, సొంత వంటింట్లో చీకటిని మాత్రం వాయిదా వేస్తూ వచ్చాడు.

ఆఖరి ఏడాది ఒక ఇల్లు కొలిచి, ప్లాన్ గీసి, ఎస్టిమేటు వేసి చూపించాలి. తన ఇల్లే కొలుద్దామనుకున్నాడు యేసుకుమార్. టేపు సున్నా కొన దానమ్మ పట్టుకుంది. చాన్నాళ్లకు మొగుడూ పెళ్లాం కలిసి చేసిన పని అది. గోడ దగ్గర వంగి, "నా నడుం కూడా కొలుస్తారా ఏంటి," అని ఆమె వేళాకోళమాడింది. ఇల్లు కట్టినప్పుడు ఎంత ఉందో, ఆ రోజూ కొలత అంతే వచ్చింది.

సాయంత్రం అతను ప్లాన్ గీస్తుంటే టీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడింది. కాగితం మీద వంటింటి తూర్పు గోడకు చిన్న గీతలు కనపడ్డాయి.

"అదేంటండీ?"

"కిటికీ."

"మన వంటింట్లో కిటికీ ఉందా?"

"కాగితం మీద ఉండాలి దానమ్మా. వెలుతురు లేని వంటిల్లు చూపిస్తే మార్కులు తీసేస్తారు. ఆ జాగాలో ఇటుకలు కూడా తగ్గించి లెక్కేశాను."

దానమ్మ గోడ వైపు చూసింది. కాగితం వైపు చూసింది.

"అయితే కాగితానికి వచ్చిందన్నమాట వెలుతురు," అని గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె నోరు మూతపడింది.

వండేది, వడ్డించేది, చొక్కాలు ఉతికేది. మాట మాత్రం లేదు. పరీక్ష దగ్గరపడింది కదా, అది కాస్తా అయిపోతే బతిమాలుకుందాంలే అనుకున్నాడు యేసుకుమార్. అలవాటు కొద్దీ వచ్చే ఆదివారం గది కొలిచాడు. టేపు కొన పట్టుకోమని ఆమెను అడగడానికి మొహం చెల్లక, గోడకు ఒక మేకు కొట్టి దానికి తగిలించాడు. వెంట్రుకవాసి తగ్గింది. అంత చిన్న తేడాలు లెక్కలోకి తీసుకోనక్కర్లేదని పుస్తకంలోనే ఉంది. ఆ పై వారం కొలిస్తే, ముందు వారం కన్నా మళ్లీ వెంట్రుకవాసి తగ్గింది. అదీ లెక్కలోకి రాదు. అలా ప్రతి ఆదివారం పోయిన ఆదివారంతోనే పోల్చుకుంటూ పోయాడు. ఒక్కసారైనా ప్లాన్ తీసి దానితో పోల్చలేదు. ఈ చదువులో చేరిన కొత్తకుర్రాడు కూడా చెయ్యని పొరపాటు అది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊరందరి గోడలూ కొలిచే మనిషి తన గోడ దగ్గర బోర్లాపడ్డాడు.

ముందు రెండు మంచాలూ ఒరుసుకున్నాయి. తర్వాత ఒక మంచం గోడకు నిలబెట్టాల్సి వచ్చింది. దానమ్మ వంటింట్లో మిషను పక్కన చాప వేసుకుంది. అతను మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని చదివాడు. అప్పుడు కూడా, ఎంతలే, వెంట్రుకవాసే కదా అనుకున్నాడు.

పరీక్ష పాసయ్యాడు. అమరావతి వైపు పనులు చేసే ఒక కంపెనీలో ఫ్యాను కింద ఉద్యోగం వచ్చింది. కాగితం చేతికందిన రోజున బందరు లడ్డూలు కొనుక్కుని ఇంటికొచ్చి తలుపు తీస్తే, లోపల ఇల్లు విశాలంగా ఉంది. గోడలు తమ చోటికి తాము వెళ్లిపోయాయి. నిలబెట్టిన మంచాన్ని వాల్చుకునేంత జాగా వచ్చింది. దానమ్మ మనసు కరిగిందని అతనికి ప్రాణం లేచొచ్చింది. "దానమ్మా," అని పిలిచాడు. పిలుపు గోడలకు తగిలి వెనక్కి వచ్చింది. అప్పుడు నిసార్ అహ్మద్ గారి నవ్వు గుర్తొచ్చింది. ఒంటరివాడి ఇల్లు ఎప్పుడు కొలిచినా ఒకటే వస్తుంది. లడ్డూల పొట్లం పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

చల్లపల్లిలో అక్క దగ్గరికి వెళ్లిందని, పొద్దున బస్టాండులో దింపి వచ్చానని ఎదురింటి ఆటో రత్తయ్య చెప్పాడు. ఫోన్ చేస్తే వదినగారే ఎత్తేది. బాగానే ఉందయ్యా, చేత్తో కుట్టుకుంటోంది అనేది. దానమ్మ ఫోన్ దగ్గరికి వచ్చేది కాదు.

ఆ వారమే యేసుకుమార్ సుత్తీ ఉలీ తీసుకుని తూర్పు గోడ పగలగొట్టాడు. టేకు చట్రం బిగించి, ఊచలు పెట్టి, చుట్టూ సిమెంటు పూశాడు. రెండు పూటల్లో పని అయిపోయింది. ఎండ తిన్నగా వచ్చి కుట్టుమిషను మీద పడింది. మిషను మీద దుమ్ము పట్టి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో తెలిసింది. రెండు పూటల పనికి ఆమెను అన్నేళ్లు చీకట్లో కూర్చోబెట్టానని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ తర్వాత రోజూ ఆఫీసు నుంచి రాగానే టేపు మేకుకు తగిలించి కొలిచేవాడు. ఒక్క వెంట్రుకవాసి తగ్గితే బాగుండునని చూసేవాడు. ఇల్లు నిక్కచ్చిగా ప్లాన్ ప్రకారమే ఉండేది.

కొన్ని నెలలకు, ఒక సాయంత్రం అతను తలుపు తీసి లోపలికి అడుగుపెడితే భుజం ద్వారబంధానికి రాసుకుంది. గది ఇరుకుగా ఉంది. అంత సంతోషం అతనికి ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. లోపల దానమ్మ ఉంది. కుట్టుమిషనుకు పాతచీర చుడుతోంది. మిషను కోసమే వచ్చింది. రత్తయ్య ఆటో సందు మొదట్లో ఆగి ఉంది.

ఇద్దరికీ మాట రాలేదు. రత్తయ్య లోపలికి వచ్చాడు. అతనూ యేసుకుమారూ చెరో పక్క పట్టుకుని మిషను లేపారు. గుమ్మంలో పట్టలేదు. పక్కకి తిప్పారు, వాల్చారు, అయినా పట్టలేదు. రత్తయ్య మిషను కింద పెట్టి, ఇద్దరి మొహాలూ చూసి, "నేను ఆటో దగ్గర ఉంటానండీ," అని వెళ్లిపోయాడు.

యేసుకుమార్ గుమ్మం వైపు చూశాడు. తను నోరు విప్పకపోతే మిషను కదలదు, మిషను లేకుండా ఆమె వెళ్లదు. విప్పితే గుమ్మం తెరుచుకుంటుంది, ఆమె వెళ్లిపోతుంది. ఊరుకుంటే చాలు, మనిషి ఇంట్లో ఉంటుంది. చాలాసేపు ఊరుకున్నాడు కూడా. కిటికీలోంచి వచ్చే వెలుతురులో ఆమె చూపుడువేలి మీద సూది గుచ్చుకున్న మచ్చలు కనపడ్డాయి.

"తప్పు నాది దానమ్మా," అన్నాడు. "వారం వారం కాస్త కాస్త తగ్గుతుంటే పోయిన వారంతో పోల్చుకున్నాను. పెళ్లయిన కొత్తలో మనం ఎట్లా ఉండేవాళ్లమో, దాంతో పోల్చుకోవాల్సింది. నువ్వు అడిగింది కాగితం మీద పెట్టి చేతులు దులుపుకున్నాను."

దానమ్మ మిషనుకు చుట్టిన చీర సర్దుతూ, "నేనూ అరవాల్సింది," అంది. "అరిస్తే వినేవాళ్లేమో. నోరు కట్టేసుకున్నాను."

గుమ్మం చెక్క కిర్రుమంది. మిషను సులువుగా, రెండు పక్కలా చెయ్యి పట్టేంత ఖాళీతో బయటికి వెళ్లింది. ఆటోలో పెట్టి తాడు అతనే కట్టాడు. వదులవుతుందేమోనని రెండుసార్లు చూశాడు. ఉండిపొమ్మని అడగడానికి తనకు హక్కు లేదనిపించింది.

ఆటో ఎక్కబోతూ ఆమె సందులోంచి కిటికీ వైపు చూసింది.

"ఎదురింటికి వంటిల్లంతా కనపడుతోంది. తెర కావాలి. కొలత చెప్పండి, కుట్టి పంపిస్తాను."

కొలత అతనికి కంఠతా వచ్చు. తన చేత్తో బిగించిన కిటికీ అది.

"కొలిచి చూడాలి," అన్నాడు. "ఆదివారం నేనే వచ్చి చెప్తాను."

ఆమె రమ్మనలేదు, వద్దనీ అనలేదు. రత్తయ్య ఆటో తిప్పుకుని వెళ్లాడు. యేసుకుమార్ లోపలికి వచ్చాడు. ఇల్లు మళ్లీ విశాలంగా, పూర్తి కొలతతో ఉంది. ఈసారి టేపు తియ్యలేదు. కటింగ్ ప్లేరు వెతికి తెచ్చి, గోడకు కొట్టిన మేకు పీకేశాడు.