బాకా మాస్టారి పళ్ళసెట్టు

రొట్టెలాయన పగలు పడుకునే మనిషి. ఊరంతా ముసుగుతన్నాక ఆయన పిండి పిసికి, పొయ్యి రాజేసి, జనం లేచే వేళకి వేడివేడి రొట్టెలు దుకాణాలకి చేర్పించి, ఒంటిమీద పిండి దులుపుకుని ఇంటికొస్తాడు. రెండు ముద్దలు తిని, కిటికీకి దుప్పటి కట్టి, మంచమెక్కుతాడు. పెళ్ళయిన కొత్తలో ఇరుగుపొరుగు అతని భార్య వంక జాలిగా చూసేవారు, ఏ పనీ లేని మొగుడు దొరికాడు పాపం అని.

అలాంటి మనిషి నెత్తిమీద, అంటే సరిగ్గా పై వాటాలోకి, బాకా మాస్టారు అద్దెకి దిగాడు. పోలీసు బ్యాండులో ట్రంపెట్ ఊది ఊది రిటైరైన పెద్దాయన. వెనకా ముందూ ఎవరూ లేరు. ఉన్నదల్లా ఆ ట్రంపెటే. పొద్దున టిఫిను కాగానే దాన్ని తుడిచి, పెదవులకి ఆనించేవాడు. అదృష్టవశాత్తూ ఆయనకి ఉబ్బసం. కాసేపు ఊదేసరికి ఆయాసం వచ్చి ఆగిపోయేది. ఆ ఆగిపోయిన సందులో రొట్టెలాయన ఓ కునుకు తీసేవాడు.

"పైకెళ్ళి ఒక్క మాట చెప్పొచ్చుగా" అంది భార్య.

"ప్రభువుని నమ్ముకున్న విశ్వాసులం. గొడవలు పెట్టుకుంటే బాగుంటుందా?" అన్నాడాయన, తన సాత్వికానికి తానే మురిసిపోతూ. కానీ మర్నాడు ట్రంపెట్ మొదలవగానే మంచం మీద నిలబడి, బూజుకర్రతో పైకప్పుని టకటకా కొట్టాడు. ఆ మర్నాడూ కొట్టాడు. తర్వాత అదొక అలవాటైంది.

"నోటితో అనరు, కర్రతో అంటారు. ఇదేం సాత్వికమో" అంది భార్య.

ఆ ఆదివారం పాస్టరుగారు శత్రువుల గురించి చెప్పారు. మనల్ని బాధపెట్టేవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యాలట. అదీ వాళ్ళు మారాలని కాదు, వాళ్ళు బాగుండాలని. గుడి నిండా జనమున్నా పాస్టరుగారు తననే చూసి చెబుతున్నట్టనిపించింది రొట్టెలాయనకి. ఆడవాళ్ళ వైపు నుంచి భార్య చూసిన చూపు గురించి మాత్రం ఏ అనుమానమూ లేదు.

తప్పేట్టు లేదు కాబట్టి ఇంటికెళ్ళి మోకరించాడు. అయితే రొట్టెల వ్యాపారం చేసినవాడు, తనకేమీ మిగలని బేరానికి దిగడు. "ప్రభువా, పై వాటా ఆయన మనసులో కోరిక తీర్చు" అని ప్రార్థించాడు. ముసలితనంలో ఎవరికైనా సొంతూరు వెళ్ళిపోవాలనే ఉంటుందని ఆయన లెక్క.

వారం తిరక్కుండానే గేటుకి బోర్డు వేలాడింది: ఇచ్చట ట్రంపెట్ నేర్పబడును. మాస్టారి మనసులో కోరిక అదట. మెట్ల మీద శిష్యుల చెప్పులు వరసకట్టాయి. ఇదివరకు ఒక్కరు బాగా ఊదేవారు, ఇప్పుడు నలుగురు ఘోరంగా ఊదుతున్నారు.

రొట్టెలాయన బెదిరిపోలేదు. ఈసారి ఎటునుంచి ఎటుచూసినా ప్రమాదం లేని ప్రార్థన వెతుక్కున్నాడు. "ప్రభువా, ఆయనకి మంచి ఆరోగ్యం ఇవ్వు." అనేశాక గానీ ఉబ్బసం సంగతి గుర్తురాలేదు. అప్పటికే ఆమెన్ కూడా అయిపోయింది. పై వారం మాస్టారికి ఎవరో డాక్టరు కొత్త మందు రాసిచ్చాడు. ఆయాసం చేత్తో తీసేసినట్టు పోయింది. ఇక మధ్యలో ఆగడమంటూ లేదు.

తన మోకాలి నొప్పి గురించి ఎన్నేళ్ళుగా అడుగుతున్నా కదలిక లేదు, ఈ ముసలాయన సంగతైతే మాత్రం నోట్లోంచి మాట రావడం ఆలస్యం. రొట్టెలాయనకి ఒళ్ళు మండి నేరుగా పాస్టరుగారి దగ్గరికెళ్ళాడు.

"అయ్యగారూ, నేనిక ఆయన కోసం ప్రార్థన చెయ్యలేను. చేసినకొద్దీ బాగుపడిపోతున్నాడు."

పాస్టరుగారు నవ్వాపుకోవడానికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంతకీ ఆయనకి మీరేమైనా మేలు చేశారా?"

"చేశాను కదండీ, ప్రార్థన."

"అది దేవుణ్ణి చెయ్యమనడం. నేనడిగేది మీ సంగతి."

రొట్టెలాయన, పొయ్యి ఆర్పి వచ్చానో లేదో అనుకుంటూ లేచొచ్చేశాడు.

కొద్దిరోజులకి ఉన్నట్టుండి పైనుంచి చప్పుడు ఆగిపోయింది. రొట్టెలాయన మొద్దులా పడి నిద్రపోయాడు. మర్నాడూ అంతే. మొహం తేటపడింది, రొట్టెలు కూడా మెత్తగా పొంగుతున్నాయని దుకాణాలవాళ్ళు మెచ్చుకున్నారు. ఆయన దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు గానీ, కారణం మాత్రం అడగలేదు.

కారణం భార్య చెప్పింది. "మాస్టారి పళ్ళసెట్టు సింకులో పడి పగిలిపోయిందట. పళ్ళు లేకుండా ట్రంపెట్ ఊదడం కుదరదట. శిష్యులు ఒక్కొక్కరే మానేస్తున్నారు. తిండి కూడా లేదు పాపం, మన రొట్టెలే పాలలో నానబెట్టి పంపిస్తున్నా."

"మంచి పని చేశావు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"మా తమ్ముడు కట్టుడు పళ్ళు చేస్తాడు కదా."

"మీ తమ్ముడికి చేతినిండా పని."

"ఎవరన్నారు?"

"నేనే అనుకున్నా."

ఆమె ఇంకేమీ అనకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఏమన్నా అనుంటే పోట్లాడి నిద్రపోయేవాడు. ఇల్లంతా నిశ్శబ్దం. ఇన్నాళ్ళూ దేని కోసం మొత్తుకున్నాడో అదే నిశ్శబ్దం. అందులో కన్నార్పకుండా పడుకుని ఉన్నాడు. పాస్టరుగారి ప్రశ్న చెవి దగ్గర దోమలా తిరుగుతోంది. "ప్రభువా, పాలూ రొట్టే బలమైన ఆహారమే" అన్నాడు. అటువైపు నుంచి ఏ సమాధానమూ లేదు. "పెద్దవయసులో విశ్రాంతి కూడా అవసరమే" అన్నాడు. అప్పుడూ లేదు. సాయంత్రం దాకా అలా పొర్లి, చివరికి చొక్కా తగిలించుకుని మెట్లెక్కాడు.

మాస్టారి గదిలో ఒక మంచం, ఒక కుర్చీ. మంచం మీద ట్రంపెట్, పసిబిడ్డకి కప్పినట్టు తువ్వాలు కప్పి ఉంది. మాస్టారు బుగ్గలు లోపలికి పోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచి నిలబడ్డాడు. అంతెత్తు మనిషి కొత్తకోడల్లా సిగ్గుపడుతుంటే రొట్టెలాయన చూడలేక చూపు తిప్పుకున్నాడు. వచ్చే ముందు కూడబలుక్కున్న మర్యాద మాటలన్నీ మర్చిపోయి, "చెప్పులేసుకోండి మాస్టారూ, వెళ్దాం" అన్నాడు.

బావమరిది పనిచేసే గది నిండా ప్లాస్టరు అచ్చులు, అల్మారాల్లోంచి నవ్వుతున్న పళ్ళు. అతను మాస్టారి చిగుళ్ళకి కొలత తీసి, ఆయన్ని పుక్కిలించి రమ్మని పంపి, బావని పక్కకి లాగాడు. అక్క ద్వారా అతనికి సంగతంతా తెలుసు.

"బావా, ఒక మాట. తినడానికి భేషుగ్గా ఉండి, ఊదితే జారిపోయేలా చెయ్యనా? ఇక్కడ వెంట్రుకవాసి వదులు చేస్తే చాలు. ఆ సైతాను దిగొచ్చినా కనిపెట్టలేడు."

వాడికి కనిపెట్టాల్సిన అవసరమేముంది, ఈ ఆలోచన వాడిదే అయినప్పుడు అనుకున్నాడు రొట్టెలాయన. కానీ ఎంత చక్కటి ఆలోచన. ముసలాయన తింటాడు, తను పడుకుంటాడు, పాస్టరుగారు అడిగితే పళ్ళు కట్టించానని ధైర్యంగా చెప్పొచ్చు. కళ్ళముందు తన మంచం, తలగడ, కిటికీకి కట్టిన దుప్పటి కనిపించాయి. పక్కగదిలో మాస్టారు పుక్కిలిస్తున్న చప్పుడు వినబడుతోంది.

"గట్టిగా చెయ్యి" అన్నాడు.

"ఏంటి?"

"గట్టిగా చెయ్యరా. తుపానొచ్చినా కదలకూడదు." ఆ మాట అన్నది పళ్ళు నూరుతూనే, కానీ అన్నాడు.

సెట్టు తయారై, పెట్టుకుని ఇంటికొస్తుంటే మాస్టారు మెట్ల మధ్యలో ఆగాడు. "బాబూ, ఈ ఇంట్లో నా సంగీతం తెలిసినవాడివి నువ్వొక్కడివే. రోజూ కిందనుంచి తాళం వేసేవాడివి కదా. నువ్వు జోరు పెంచితే నేనూ పెంచేవాణ్ణి. ఒక్కరోజు నీ తాళం వినపడకపోతే ఊదబుద్ధయ్యేది కాదు."

రొట్టెలాయన తలూపేస్తే పోయేది. మంచివాడని పేరు కూడా మిగిలేది. పళ్ళు కట్టించడం కంటే ఇదే కష్టంగా ఉంది.

"అది తాళం కాదు మాస్టారూ" అన్నాడు నేలచూపులు చూస్తూ. "మీరు ఆపాలని కొట్టేవాణ్ణి. నేను పగలు పడుకుంటాను."

మాస్టారు మెట్టు మీద కూలబడ్డాడు. "ఇన్నాళ్ళూ నోరు విప్పి చెప్పలేదేం?"

"గొడవెందుకని."

"ఇంటి పైకప్పు పెళ్ళలూడేలా కొట్టడం గొడవ కాదా?"

రొట్టెలాయనకి నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి. ఈ మనిషి గురించి దేవుడితో అన్ని మాటలు మాట్లాడాడు, ఈ మనిషితో మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు.

"అదంతా సరే, మరి ఈ పళ్ళెందుకు కట్టించావు?"

"నాకిష్టమై కాదండీ. కట్టించమన్నవాడు ఊరుకునే రకం కాదు." వేలితో పైకి చూపించాడు. మాస్టారు తన వాటా తలుపు కేసి చూసి, తర్వాత అర్థమై, పకపకా నవ్వాడు. సెట్టు కదల్లేదు.

ఆ రోజు నుంచి ట్రంపెట్ సాయంత్రాలకి మారింది. తిరిగొచ్చిన శిష్యులంతా సరేనన్నారు గానీ, కొత్తగా చేరిన బస్సు కండక్టరుకి మధ్యాహ్నం తప్ప ఖాళీ ఉండదట. అతన్ని వద్దనేస్తానని మాస్టారు కబురు పెట్టాడు. "రానివ్వమను" అన్నాడు రొట్టెలాయన. అని, వెంటనే నాలిక్కరుచుకున్నాడు. భార్య చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

కండక్టరుకి ఒక స్వరం ఎంతకీ పలికేది కాదు. అక్కడిదాకా వచ్చి, దగ్గి, మళ్ళీ మొదటికొచ్చేవాడు. కింద మంచం మీద రొట్టెలాయన తలగడ చెవులకి నొక్కుకుని దేవుడికి ఫిర్యాదు చేసుకునేవాడు. ఒక మధ్యాహ్నం ఆ స్వరం కాస్తా నిఖార్సుగా, నిండుగా పలికింది.

"ఆఁ, వచ్చింది" అంటూ లేచి కూర్చున్నాడు రొట్టెలాయన. నిద్ర పూర్తిగా వదిలిపోయింది. కోపం రావాల్సిన చోట సంతోషం వచ్చినందుకు కాసేపు తనమీద తనే విసుక్కుని, పైన ఇంకోసారి ఊదుతారేమోనని చెవి ఒగ్గి కూర్చున్నాడు.