నోట్‌బుక్కులో తులసి

జర్మనీలో మా యూనివర్సిటీవాళ్ళు మొదటిరోజే ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టారు. ఇక్కడ ఉండే రెండేళ్ళనూ పూర్తిగా వాడుకోవాలట. గదిలో కూర్చోకూడదట. వారానికో కొత్త చోటు చూడాలట, పది దేశాలవాళ్ళతో స్నేహం చెయ్యాలట. రాసినవాళ్ళెవరోగాని ఒక్కపూటైనా ఒంటరిగా అన్నం తిని ఉండరు. నేను మొదటి నాలుగు నెలలూ అలాగే తిన్నాను, అదీ గదిలో, కంచం ఒళ్ళో పెట్టుకుని.

మాది కోయంబత్తూరు పక్కన అన్నూరు. నాన్నకి అక్కడ ఎనిమిది మగ్గాల పవర్‌లూమ్ షెడ్డు ఉంది. నేను బట్టల ఇంజనీరింగ్ చదవడానికి వచ్చాను. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. మా పెద్దలు ఎన్ని వందల ఏళ్ళ కిందట తెలుగుదేశం విడిచి వచ్చారో మా అవ్వకే తెలియదు. మాట వెంట వచ్చింది, అక్షరాలు రాలేదు. అందుకని మేం ఏది రాసుకున్నా తెలుగు మాటని తమిళ అక్షరాల్లో రాస్తాం, సరుకుల చీటీ దగ్గర్నుంచి పెళ్ళిపాటల దాకా. అప్పటికి నాకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

బయలుదేరే రోజు అవ్వ ఒక గీతల నోట్‌బుక్ ఇచ్చింది. "ఆడ ఏమేమి చూస్తావో అంతా దీంట్లో రాసి పెట్టు అమ్మణీ. వచ్చినంక నాకు చదివి చెప్పల్ల. నేను యాడికి పోతిని, ఏం చూస్తిని?" అంది. అవ్వ మదురై దాటి ఎక్కడికీ పోలేదు, అదీ కంటి ఆపరేషన్‌కి.

హాస్టల్లో మా అంతస్తుకంతా ఒకటే వంటగది. అక్కడ మనవాళ్ళు ఇద్దరు కనిపించారు. మదురై పక్క మేలూరు నుంచి వచ్చిన జెబమలర్, ఒంగోలు నుంచి వచ్చిన తులసి. ఇంక నాకేం దిగులు అనుకున్నాను. మా ఇంట్లో తెలుగు అని చెప్పగానే జెబమలర్ "అప్ప తులసి ఇరుక్కాళే, ఉనక్కెన్న కవలై!" అంది. తులసి ఉండగా నాకు బెంగెందుకట. తులసేమో నా తెలుగు రెండు ముక్కలు విని పక్కున నవ్వింది. "ఇది తెలుగేనా నిత్యా? నీకు జెబమలరే కరెక్టు" అంది. చెడ్డపిల్లలు కారు. తమిళపు పిల్ల నన్ను తెలుగు పిల్లకీ, తెలుగు పిల్ల నన్ను తమిళపు పిల్లకీ అప్పగించేసి, ఇద్దరూ ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకుంటూ నిశ్చింతగా ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ నవ్వు విన్నాక వంటగదిలో నోరు విప్పడం మానేశాను.

ప్రతి ఆదివారం అవ్వ వీడియో కాల్ చేస్తుంది. "ఎవురన్నా తోడు దొరికినారా అమ్మణీ?" అని అడుగుతుంది. మొదటి వారం లేదన్నాను. అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రెండో వారం తులసి అని ఒకమ్మాయి దొరికిందన్నాను. అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకే తెలియదు. ఇక ప్రతి వారం "ఆ పిల్లని ఒకమాటు చూపించు" అని ఒకటే గోల. "స్నానానికి పోయిండాది అవ్వా" అనేదాన్ని. తులసి చేసినన్ని స్నానాలు ఆ చలిదేశంలో ఇంకెవరూ చేసి ఉండరు.

తిరిగి వెళ్ళాక నోట్‌బుక్ అవ్వకి చదివి వినిపించాలి కదా. అందుకని తులసి అందులోకి కూడా వచ్చింది. మేమిద్దరం మ్యూజియం చూశాం, మంచులో నడిచాం, ఒకే గొడుగులో బస్సు కోసం నిలబడ్డాం. చెప్పడానికి సిగ్గేస్తోంది కానీ, రాస్తుంటే చాలా హాయిగా ఉండేది. రాయడం ఆపగానే గది ముందుకన్నా ఖాళీగా అనిపించేది. నోట్‌బుక్‌ని దాచాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు. తులసికి తమిళ అక్షరాలు రావు, జెబమలర్‌కి తెలుగు రాదు. ఆ ఊళ్ళో దాన్ని చదవగలిగేది నేనొక్కదాన్నే.

జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం పొయ్యిమీద చారు పెట్టి, నోట్‌బుక్ బల్లమీద వదిలి, ఫోన్ తెచ్చుకుందామని గదికి వెళ్ళాను. తిరిగి వస్తుంటే వరండాలోకి నా మాటలే వినిపించాయి, మేలూరు గొంతులో.

"తులసీ నేనూ ఏటికాడికి పోతిమి అవ్వా. మంచు పడ్తా ఉండాది. నాకు గ్లౌజు లేదని తనది ఒకటి తీసి నాకిచ్చె."

తమిళ అక్షరాలు కనిపించేసరికి జెబమలర్ తీసి చదివేస్తోంది. "ఇదెన్నడీ, ఒణ్ణుమే పురియలే!" అని నవ్వుతోంది. తనకి ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. ఎదురుగా కూర్చున్న తులసికి ప్రతి ముక్కా అర్థమవుతోంది. నేను గుమ్మంలో నిలబడిపోయాను.

"తులసికి జొరం వస్తే చారు పెట్టి ఇస్తిని. మా అమ్మ చారు మాదిరే ఉండాది అనె."

తులసి ముఖంలో నవ్వు పోయింది. తల తిప్పి నన్ను చూసింది. ఆ క్షణంలో నాకు అన్నూరు వెళ్ళిపోవాలనిపించింది, చదువూ వద్దు, ఏమీ వద్దు. ఇప్పుడు నవ్వుతుంది, రేపటికి అంతస్తంతా నవ్వుతుంది అనుకున్నాను.

"నీకేమైనా తెలిసిందా?" అని జెబమలర్ ఇంగ్లీషులో అడిగింది.

"ఆ. మేమిద్దరం తిరిగిన చోట్లు రాసుకుంది" అంది తులసి. నోట్‌బుక్ తీసుకుని, మూసి, నా చేతిలో పెట్టింది.

"మీరిద్దరా? ఎప్పుడు?" అని జెబమలర్ వింతగా చూసి, టీ కప్పు తీసుకుని గదికి పోయింది.

నేను పొయ్యి కట్టేసి చారు దించాను. అంతలో ఫోన్ మోగింది. అవ్వ. తెరమీద అవ్వ ఫోటో వెలుగుతుంటే ఫోన్ బల్లమీద పెట్టేశాను. తులసే ఫోన్ అందుకుంది.

"అవ్వా, నేను తులసిని."

"వస్తివా తల్లీ! ఎప్పుడు ఫోన్లో కూప్పిట్టినా నీకు స్నానమే అంట గదా?"

తులసి ఒకసారి నావైపు చూసింది. "అవునవ్వా, ఈ చలికి వేణ్ణీళ్ళు వదలబుద్ధి కాదు. మొన్న నాకు జొరం వస్తే నిత్యే చారు పెట్టింది. అచ్చం మా అమ్మ చారులాగే ఉందవ్వా."

"మా పిల్లకి నోరు లేదు తల్లీ. విడిచిపెట్టేసి పోవాకు."

తులసి ఫోన్ ఇంకాస్త దగ్గరికి పట్టుకుంది. "పోనవ్వా" అంది, చిన్నగా.

అవ్వ అంత సంతోషంగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఫోన్‌లో కనపడకుండా కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

ఫోన్ పెట్టేశాక తులసి గిన్నెలోంచి చారు కప్పులో పోసుకుని ఊదుకుంటూ తాగింది.

"మీ అమ్మ చారు మాదిరి ఉండాదా?" అన్నాను.

"లేదు. మా అమ్మ బెల్లం వేస్తుంది." కప్పు కింద పెట్టింది. "నిత్యా, ఆ ఏరు ఎక్కడుంది? నేనింకా చూడలేదు."

"తెలీదు" అన్నాను. "ఫోన్లో పటం చూసి రాస్తిని. నేనూ చూళ్ళేదు."